ఒకటో తారీఖు విలువ

హైదరాబాద్‌లో మధురానగర్ మెట్రో స్టేషన్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమి ఇళ్లు తుడిచేవాళ్లు, అమీర్‌పేట హాస్టళ్లలో వంట చేసేవాళ్లు చాలావరకు రహమత్‌నగర్, బోరబండ, యూసుఫ్‌గూడ బస్తీల నుంచి వస్తారు. అలాంటి ఇళ్లలో నెల రెండు ముక్కలుగా నడుస్తుంది. జీతాలు అందే మొదటి వారంలోనే అద్దె, కరెంటు, కిరాణా కొట్టు బాకీ, చీటీ డబ్బు కట్టేస్తారు. ఇరవయ్యో తారీఖు దాటాక పిల్లాడికి జ్వరమొస్తే రోజువారీ కట్టుబడికి అప్పిచ్చే గిరిగిరి వ్యాపారే దిక్కు. పదివేలని రాసుకుని, వెయ్యి ముందే కోసుకుని, తొమ్మిది వేలు చేతిలో పెడతాడు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు వసూలు చేస్తాడు. వినడానికి అది వెయ్యి రూపాయల వడ్డీయే. కానీ అసలు రోజురోజుకూ తీరిపోతూ ఉంటుంది కాబట్టి సరిగ్గా లెక్కగడితే నూటికి నెలకు ఆరు రూపాయల పైచిలుకు పడుతుంది. బంగారం తాకట్టు పెడితే బ్యాంకు తీసుకునేది దాదాపు రూపాయి. పేద కుటుంబానికి ప్రభుత్వం నేరుగా ఇచ్చే డబ్బు ఏం చేస్తుందన్న చర్చను ఈ లెక్కతో మొదలుపెట్టాలి. ఆదాయం తక్కువ కావడం ఒక కష్టం, అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడం ఇంకో కష్టం. అందుకే ఎంత ఇస్తున్నారన్న ప్రశ్నకు ఎంత విలువుందో, ఫలానా తారీఖున ఖాయంగా చేతికందుతుందా అన్న ప్రశ్నకూ అంతే విలువుంది. ఎన్నికల సభల్లో మాత్రం మొదటిదే వినిపిస్తుంది.

ఈ విషయంలో తెలుగు రాష్ట్రాలకున్న అనుభవం తక్కువది కాదు. ఉమ్మడి రాష్ట్రం విడిపోయేనాటికి వృద్ధాప్య పింఛను నెలకు 200 రూపాయలు. 2014 చివర్లో రెండు రాష్ట్రాలూ దాన్ని వెయ్యి చేశాయి. తెలంగాణలో ఆసరా పింఛను 2019లో 2,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో అది అంచెలంచెలుగా పెరిగి 2024 జులైలో నాలుగు వేలకు చేరింది. 2018 మేలో హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు ఎకరానికి సీజనుకు నాలుగు వేలు ఇచ్చింది. 2020 జనవరిలో వచ్చిన అమ్మఒడి, పిల్లల్ని బడికి పంపే తల్లులకు ఏడాదికి పదిహేను వేలు ప్రకటించింది. పార్టీలు మారాయి, పేర్లు మారాయి, డబ్బు నేరుగా ఇచ్చే పద్ధతి మాత్రం ఆగలేదు. నెలకు వెయ్యో రెండు వేలో సొంతంగా వచ్చే ముసలమ్మ మందుల చీటీ పట్టుకుని కొడుకు మొహం చూడాల్సిన పని తగ్గుతుంది. కిరాణా కొట్టువాడు కూడా ఆమె పేరున ఖాతా రాసుకోవడానికి వెనకాడడు, పింఛను ఎప్పుడు పడుతుందో అతనికీ తెలుసు కాబట్టి. ఖాయంగా వచ్చే డబ్బు ఇలా అప్పు పుట్టే చోటును, అప్పు ధరను మార్చేస్తుంది.

తారీఖు విలువకు గట్టి రుజువు మన దగ్గరే దొరికింది. 2010–12 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల్లో ఉపాధి హామీ కూలీని, పింఛన్లను వేలిముద్రలతో పనిచేసే స్మార్ట్‌కార్డుల ద్వారా ఇచ్చే ఏర్పాటును ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తాంకర్ పరిశీలించారు. ఏ మండలాలు ముందు, ఏవి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి ఫలితాలు పోల్చారు. కూలీ త్వరగా అందింది, ఎప్పుడందుతుందో ముందుగా తెలిసింది. ఉపాధి హామీ కింద కుటుంబాలకు వచ్చిన సంపాదన 24 శాతం పెరిగింది, మధ్యలో మాయమయ్యే సొమ్ము 41 శాతం తగ్గింది. ఇందుకోసం ప్రభుత్వం కూలీ రేటు పెంచలేదు, కొత్త పథకమూ పెట్టలేదు. ఇవ్వాల్సిన డబ్బునే ఇవ్వాల్సినవాళ్లకు సమయానికి ఇచ్చింది.

దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగింది 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో. 13, 14 తేదీల వానలకు బస్తీలు, కాలనీలు మునిగాక ప్రభుత్వం బాధిత కుటుంబానికి పదివేలు ప్రకటించింది. పదివేలంటే చిన్న మొత్తం కాదు. మొదట అధికారులు ఇంటింటికీ తిరిగి నోట్లే పంచారు. అసలు బాధితులకు అందడం లేదని, స్థానిక నాయకులు కోత కోస్తున్నారని ఆందోళనలు రేగాయి. ఆ తర్వాత మీసేవ కేంద్రాల్లో దరఖాస్తులన్నారు, తెల్లవారకముందే జనం బారులు తీరారు. నవంబరు 18న రాష్ట్ర ఎన్నికల సంఘం మొత్తం ఆపేసింది, ఎందుకంటే డిసెంబరు 1న జీహెచ్‌ఎంసీ పోలింగ్. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2024 ఏప్రిల్‌లో ఎన్నికల వేళ, ఇంటికి వచ్చి పింఛను ఇచ్చే వాలంటీర్లను పంపిణీకి దూరంగా ఉంచమని ఆదేశాలొస్తే, ముసలివాళ్లు ఆ నెల గ్రామ, వార్డు సచివాలయాల ముందు, మే నెలలో బ్యాంకుల ముందు ఎండలో నిలబడ్డారు. ప్రకటించిన మొత్తం తగ్గలేదు. తగ్గిందల్లా నమ్మకం. ఇచ్చే మనిషి దయమీదో ఎన్నికల తేదీమీదో ఆధారపడే డబ్బును ఏ గృహిణీ తన నెల లెక్కలో రాసుకోలేదు.

ప్రపంచంలోని పరిశోధనలూ ఇదే దారి చూపుతున్నాయి. కెన్యాలో గివ్‌డైరెక్ట్లీ సంస్థ ఇచ్చిన డబ్బుపై యోహానెస్ హౌస్‌హోఫర్, జెరెమీ షపీరో జరిపిన అధ్యయనంలో ఒకేసారి పెద్ద మొత్తం అందినవాళ్లు ఇంటికి రేకుల కప్పు వంటివి ఎక్కువగా సమకూర్చుకున్నారు, నెలనెలా అందినవాళ్లకు తిండి భద్రత పెరిగింది. మరైతే పెట్టుబడి ఎక్కడిదని అడగొచ్చు. దానికి జవాబు అదే దేశంలో సాగిన మరో ప్రయోగంలో ఉంది. నెలనెలా డబ్బు రెండేళ్లే వస్తుందని తెలిసినవాళ్ల కన్నా, పన్నెండేళ్లు వస్తుందని తెలిసినవాళ్లు కొత్త వ్యాపారాలు ఎక్కువగా మొదలుపెట్టారు. వాళ్లు మనకు బాగా తెలిసిన పనే చేశారు, చీటీలు వేసుకున్నారు. నెలనెలా వచ్చే సొమ్మును చీటీలతో పెద్ద మొత్తంగా మార్చుకున్నారు. రేపు కూడా డబ్బు వస్తుందన్న భరోసా ఉంటేనే ఎవరైనా చీటీలో చేరతారు.

అభ్యంతరాలు లేకపోలేదు. ఊరికే డబ్బిస్తే జనం పని మానేస్తారన్నది మొదటిది. అభిజిత్ బెనర్జీ, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు ఆరు దేశాల్లోని ఏడు పథకాల సమాచారాన్ని తిరగేసి, పని తగ్గిందనడానికి ఆధారం దొరకలేదని తేల్చారు. నెలకు రెండు వేలతో హైదరాబాద్‌లో ఒక గది అద్దె కూడా గడవదు, దాన్ని చూసుకుని పనికి పోని కుటుంబం ఏ బస్తీలో బతుకుతుంది? డబ్బంతా సారాకు పోతుందన్నది రెండో అభ్యంతరం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడిన నేల ఇది, ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అయితే డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా అనేక దేశాల అధ్యయనాలను కూడగట్టి చూస్తే నగదు సాయం వల్ల మద్యం, పొగాకు ఖర్చు పెరిగినట్టు కనబడలేదు. 2011–12లో మధ్యప్రదేశ్‌లో స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’, యునిసెఫ్ కలిసి పల్లెజనానికి నెలనెలా నగదు ఇచ్చిన ప్రయోగంలోనూ తిండి మెరుగైంది, పశువులు పెరిగాయి, తాగుడు పెరగలేదు. మద్యం అమ్మకాలతోనే ఖజానా నింపుకునే ప్రభుత్వాలు పేదల తాగుడు గురించి పాఠాలు చెప్పడం, ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కోవడమే.

మూడో అభ్యంతరం బలమైనది: ఈ డబ్బుతో బళ్లు, ఆసుపత్రులు బాగుచేయొచ్చు కదా? నిజమే, నగదు అన్నిటికీ మందు కాదు. అమెరికాలో పేద తల్లులకు నెలకు 333 డాలర్ల చొప్పున ఇచ్చిన ప్రయోగంలో, నాలుగేళ్ల తర్వాత చూస్తే పిల్లల ఎదుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రాంచీ దగ్గరి నగ్రీలో 2017లో రేషన్ బియ్యం మీది రాయితీని ఖాతాలో డబ్బుగా వేస్తే, బ్యాంకుకూ రేషన్ దుకాణానికీ తిరగలేక జనమే ఎదురు తిరిగారు, మరుసటి ఏడాది ఆ పద్ధతి రద్దయింది. కాబట్టి నగదు రావాల్సింది బడికి, బియ్యానికి తోడుగా. వాటిని తీసేసి కాదు. ఎవరికన్న ప్రశ్న కూడా ఉంది. ఎకరాల లెక్కన ఇచ్చిన రైతుబంధులో పెద్ద కమతానికి పెద్ద చెక్కు వెళ్లింది, కౌలు రైతుకు ఏమీ రాలేదు. దీన్ని నగదు పద్ధతి తప్పనలేం, జాబితా తప్పు. ఆ పథకంలోనే, డబ్బందిందా లేదా అని రైతులకు ఫోన్ చేసి అడుగుతామని అధికారులకు ముందే చెప్పిన మండలాల్లో పంపిణీ మెరుగుపడింది. చౌకైన మందు అది.

మధురానగర్‌కే సంబంధించిన ఉదాహరణతో ఈ వాదన తేటపడుతుంది. మహిళా శిశు సంక్షేమ శాఖ నడిపే స్టేట్‌హోమ్, శిశువిహార్ ఇక్కడే ఉన్నాయి. తండ్రి పోయి, తల్లి సంపాదన చాలక పిల్లల్ని హాస్టల్లోనో హోమ్‌లోనో చేర్చే కుటుంబాలు ఎన్నో. అలాంటి పిల్లలు ఇంట్లోనే పెరగాలని కేంద్రం మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు నాలుగు వేలు ఇచ్చే ఏర్పాటు చేసింది. అంతవరకు మంచిదే. కానీ ఆ తల్లి బిడ్డను తన దగ్గరే ఉంచుకోవాలా వద్దా అని తేల్చుకునేది, వచ్చే నెలా, ఆ పై నెలా డబ్బు పడుతుందన్న నమ్మకంతోనే. మూడు నెలల బకాయి ఒకేసారి వేస్తే ప్రభుత్వం లెక్కలో మొత్తం సరిపోతుంది, ఆ మూడు నెలలూ గిరిగిరి వ్యాపారికి కట్టిన వడ్డీ మాత్రం ఏ పద్దులోనూ కనబడదు.

అందుకని ప్రభుత్వాలను అడగాల్సినవి మూడు. చెల్లింపు తారీఖును చట్టంలో రాయాలి, దాటితే ఆలస్యానికి వడ్డీ కలిపి ఇవ్వాలి. మొత్తాన్ని ధరలతో ముడిపెట్టాలి: 2,016 అయి ఆరేళ్లు దాటేసరికి ఆ డబ్బుకొచ్చే సరుకు బాగా తగ్గింది, 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకు కేంద్రం ఇచ్చే వాటా అయితే ఏళ్ల తరబడి 200 దగ్గరే ఉంది. వేలిముద్ర పడకో, జాబితాలో పేరు లేకో డబ్బు ఆగినవాళ్లకు వార్డులోనే, గడువు పెట్టి, జవాబు చెప్పే అధికారి ఉండాలి. వీటిలో ధరల ముడి ఒక్కదానికే పెద్ద ఖర్చు. తక్కిన రెండూ సమయపాలనతో అయ్యే పనులు. కొత్త పథకానికి పేరు వెతికే ముందు పాత పథకం ఒకటో తారీఖున అందుతోందో లేదో చూడటం ఏ ప్రభుత్వానికైనా తక్కువ ఖర్చు, పేద ఇంటికి ఎక్కువ లాభం.