దారి చూపు పలక

బాలలారా! మౌలాలి గుట్ట యెక్కి నలుదిక్కులు పరికించిన యెడల నల్లని బండలు, రైలుపట్టాలు, కర్మాగారముల కప్పులు, ఒక దెసను తార్నాక మేడలు కానవచ్చును గాని సముద్రము కానరాదు. అట్టి చోట పెరుగు మీకు సముద్రపుటలలపై స్వారిచేయు పలకను గూర్చి చెప్పుట యెందులకని తోచవచ్చును. పలక సముద్రమునకు చెందినదే. కాని దానిని సిద్ధపఱచుటలోని ముఖ్యమైన మెలకువ మన నగరమందలి వడ్రంగులకును, యంత్రశాలల పనివారికిని చిరపరిచితమైనది. ఆ మెలకువకు ఆధారమైన సాధనమును మనవారు ఫర్మా యందురు. యంత్రశాలలలో దానినే జిగ్గు అని వ్యవహరింతురు.

అలలపై స్వారిచేయు పలకను సర్ఫుబోర్డు అందురు. హవాయి ద్వీపవాసులు పూర్వకాలమునుండి కొయ్యపలకలపై నిలిచి అలలతోపాటు తీరమునకు జారుచుండిరి. ఆ పలకల అడుగు నున్నగా నుండెడిది. పలకను త్రిప్పవలెనన్నచో కాలిని నీటిలో ఈడ్చుటయే వారికి ఉపాయము. 1935లో టామ్ బ్లేక్ అను అమెరికా దేశీయుడు పలక అడుగున, వెనుకభాగమున, చేప వాజమువంటి ఒక రెక్కను బిగించెను. నాటినుండి పలక ప్రక్కకు జాఱక నడపువాని యిచ్చకు లోబడినది. 1981లో ఆస్ట్రేలియా దేశపు సైమన్ ఆండర్సన్ మూడు వాజముల పలకతో పోటీలలో గెలిచి దాని మేలును లోకమునకు చాటెను. టోక్యో ఒలింపిక్ క్రీడలు 2021లో జరిగినపుడు ఈ విద్యకు తొలిసారిగా ఆ క్రీడలలో స్థానము లభించినది. మన విశాఖపట్టణమున ఋషికొండ తీరమునను ఈ పలకలను చూడవచ్చును.

వాజమును పలకకు శాశ్వతముగా అతికించిన యెడల ప్రయాణములో అది విఱుగును. విఱిగినదానిని మార్చుట కష్టము. అందుచేత పలకలో ఒక గుంట తీసి, అందులో గాడిగల చిన్న పెట్టెను పాతి, వాజమును ఆ గాడిలో మరలతో బిగించు పద్ధతి వచ్చినది. ఇక వాజమును కోరినపుడు తీయవచ్చును, పెట్టవచ్చును.

చెప్పుటకు ఇది సులభము. చేయుటయందు మాత్రము పొరపాటునకు చోటులేదు. పలక లోపల తేలికయగు ఫోము ఉండును. నడుమ నిలువునా ఒక సన్నని కొయ్య బద్ద ఉండును. పైని గాజునూలు గుడ్డయు, రెజిను అను గట్టిపడు జిగురును కవచమువలె ఉండును. గుంట లోతు మీఱిన యెడల రెండవ ప్రక్కనున్న కవచము తూటుపడును. గుంట వదులైన యెడల పెట్టె కదలి, సందులలో నీరు దూఱి, ఫోము నానిపోవును. గుంట వంకరయైన యెడల పలక నిరంతరము ఒక ప్రక్కకే లాగును. తీరమునకు దూరముగా పెద్ద అలపై నున్నవానికి ఇది ప్రాణసంకటము కావచ్చును. కావున ఆ గుంట తీయు పనివాని చేతిలో మఱియొకని క్షేమమున్నదని యెఱుగవలెను.

గుంట తీయుటకు రౌటరు అను చేతియంత్రమును వాడుదురు. దానిలోని మోటారు ఒక చిన్న బిట్టును నిమిషమునకు పదివేలకు మించిన చుట్లు త్రిప్పును. ఉలితో చాలసేపు తొలుచు గాడిని అది కొద్ది సేపటిలో తొలిచివేయును. కాని వేగము గల గుఱ్ఱమునకు కళ్లెము కావలెను గదా! ఎంతటి నేర్పరియైనను రౌటరును వట్టిచేతితో తిన్నగా నడపుట అరుదు. ఫోము మెత్తనిది, నడిమి బద్ద గట్టిది. మెత్తని చోటునుండి గట్టి చోటునకు పోవునపుడు బిట్టు ఒక్క పెట్టున ప్రక్కకు లాగును. దానికి కళ్లెమే ఫర్మా.

ఫర్మా యనగా మందపాటి పలక. దాని నడుమ కొలత ప్రకారము తీసిన రంధ్రముండును. రౌటరు అడుగున, బిట్టు చుట్టును, ఒక లోహపు కడియమును బిగింతురు. కడియము రంధ్రపు అంచును ఒరసికొని పోవును. బిట్టు దాని నడుమనుండి పలకను తొలుచును. ఇచ్చట చిన్న లెక్క యున్నది. బిట్టు వెడల్పు 12 మిల్లీమీటర్లు, కడియము బయటి వెడల్పు 16 మిల్లీమీటర్లు అనుకొందము. అంచునకును బిట్టునకును నడుమ ప్రతి ప్రక్కను 2 మిల్లీమీటర్ల ఎడముండును. కావున గుంట 150 మిల్లీమీటర్ల పొడవు, 20 మిల్లీమీటర్ల వెడల్పు కావలెనన్నచో ఫర్మా రంధ్రము 154 పొడవు, 24 వెడల్పు ఉండవలెను. అట్లే లోతునకును లెక్క కలదు. రౌటరు ఫర్మాపై నిలిచి నడచును. కావున ఫర్మా మందము 6 మిల్లీమీటర్లును, గుంట లోతు 20 మిల్లీమీటర్లును అయినపుడు బిట్టును 26 మిల్లీమీటర్లు క్రిందికి దింపవలెను. తిరుగు బిట్టు వాడియైన మూలను తీయజాలదు; అందుచేత ఇట్టి పెట్టెల కొనలను గుండ్రముగా చేయుట వాడుక.

ఇక పని క్రమము. మొదట పలక నడిమి గీతను, తోకనుండి దూరమును కొలిచి గుర్తులు పెట్టవలెను. ప్రక్క వాజములు సరిగా నడిమి గీతకు సమాంతరముగా నుండవు. వాని ముందుకొనలు పలక ముక్కువైపు కొంచెము లోనికి తిరిగియుండును. ఆ వంపు రెండు ప్రక్కలను సమానముగా నుండవలెను. పిమ్మట ఫర్మాను కదలకుండ బిగించి, ముందుగా పనికిరాని ముక్కపై గుంట తీసి, పెట్టె సరిపోయినదో లేదో చూడవలెను. ఆపైననే అసలు పలకను ముట్టవలెను. లోతునంతయు ఒక్కసారి తీయక రెండు మూడు విడతలుగా తీయవలెను. రంధ్రము లోపల రౌటరును గడియారపు ముల్లు తిరుగు దిక్కున నడపవలెను. అప్పుడు బిట్టు చేతిని తప్పించుకొని పరుగెత్తదు. తరువాత గుంటలోని పొడిని తుడిచి, రెజిను పోసి, గాడిపై అంటుపట్టీ వేసిన పెట్టెను అందులో నొక్కి, నిలువు సరిచూచి, గట్టిపడువఱకు కదపరాదు. ఫోము పాలిస్టైరీను జాతిదైన యెడల ఎపాక్సీ రెజినునే వాడవలెను; పాలియెస్టరు రెజిను దానిని కరగించివేయును. గాజునూలు పొడి ఊపిరితిత్తులకు కీడు చేయును గనుక ముక్కునకు ముసుగును, కంటికి అద్దములును తప్పవు. బిట్టు మార్చునపుడు విద్యుత్తు తీగను ఊడదీయుట మఱవరాని నియమము.

ఇట్టి ఫర్మాలు అలల పలకలకే పరిమితములు కావు. కొలతలో తేడాలేని వస్తువులు పెక్కు కావలసిన చోటనెల్ల ఇవి యుండును. తార్నాక చెంతనున్న లాలాగూడ రైల్వే కర్మాగారము 1893లో నెలకొన్నది. రైలుపెట్టెల పనిలో ఒక పెట్టెనుండి తీసిన భాగము మఱియొక పెట్టెకు అమరవలెనన్నచో రంధ్రములన్నియు ఒకే కొలతలో నుండవలెను గదా! పనిముట్టునకు దారి చూపునది జిగ్గు. దారి చూపక వస్తువును గట్టిగా పట్టియుంచునది మాత్రము ఫిక్స్చరు. ఈ శాస్త్రమును నేర్పుటకే మన నగరమందలి బాలానగరులో 1968లో భారత ప్రభుత్వము, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థయొక్కయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయొక్కయు తోడ్పాటుతో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అను విద్యాలయమును స్థాపించినది. పదవ తరగతి ముగించిన పిల్లలకును అందు శిక్షణ లభించును.

ఫర్మా వచ్చినందున చేతినేర్పు చచ్చినదని కొందఱు వగతురు. అది సరిగాదు. నేర్పు చావలేదు, చోటు మాఱినది. మునుపు ప్రతి గుంట తీయునపుడును చూపవలసిన నేర్పును ఇప్పుడు ఫర్మాను చేయునపుడు ఒక్కమాఱు చూపవలెను. ఒక నిపుణుని జాగ్రత్త ఆ పలకలో నిలిచి, నేడే పనిలో చేరిన కుఱ్ఱవానికి కూడ చేయూత యిచ్చును. కాని దీనికి మఱియొక ముఖము కలదు. చేతితో చేసిన తప్పు ఒక వస్తువునే చెఱచును. ఫర్మాలోని తప్పు దానిచే తయారైన నూఱు వస్తువులను చెఱచును. ఒక మిల్లీమీటరు తేడాను చిన్నదని ఉపేక్షించినవాడు ఆ తేడాను నూఱుమార్లు చేసినవాడగును. కావుననే మంచి పనివాడు వస్తువును ఒక్కసారి కొలిచిన, ఫర్మాను పదిసార్లు కొలుచును.