లిస్పు భాషయు సంగీత రచనయు

కంప్యూటరుచేత పాట కూర్పించుట యనగానే అది ఇంజనీర్ల పనియనియు, గృహిణులకు దానితో నిమిత్తము లేదనియు మన సోదరీమణులలో పెక్కుమంది తలంతురు. మా అభిప్రాయము వేఱు. గురులఘువులు గుర్తించి గణములు కట్టుట యెఱిగిన స్త్రీకి ఈ విద్యలో సగము ముందే వచ్చియున్నది.

యంత్రముచే స్వరములు కూర్పించుట నిన్న మొన్నటి వింత కాదు. 1957లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయమున లెజారెన్ హిల్లర్, లియొనార్డ్ ఐజాక్సన్ అను నిరువురు, ఇలియాక్ అను కంప్యూటరునకు రచనా నియమములను నేర్పి, నాలుగు తంత్రీవాద్యములకు ఒక కృతిని సిద్ధపఱచిరి. మరుసటి యేడు జాన్ మెకార్తీ లిస్పు భాషకు అంకురార్పణ చేసెను. ఆ భాష సంగీతము కొఱకు పుట్టినది కాదు. జాబితాలను చక్కబెట్టుటకై పుట్టినది. స్వరావళి యనగా స్వరముల జాబితాయే కదా! అందుచే సంగీతజ్ఞులు దానిని చేపట్టిరి. వారిలో రోజర్ డానెన్‌బర్గ్ అనునాతడు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 'నైక్విస్టు' అను సాధనమును నిర్మించెను. మేము అభ్యసించుచున్నది అదియే. దీనికి వెల లేదు. పిల్లల చదువునకై కొన్న పాత కంప్యూటరే మాకు చాలినది.

లిస్పు వ్యాకరణము మిక్కిలి స్వల్పము. ప్రతి వాక్యమును కుండలీకరణములలో నుండును. మన తెలుగున క్రియ తుదను వచ్చును; ఇందు మొదటనే వచ్చును. (+ 2 (* 3 4)) అని వ్రాసినచో, లోపలి మూడు నాలుగుల గుణకారము ముందు జరిగి 12 వచ్చి, దానికి 2 చేరి 14 అగును. సమాసమునకు విగ్రహవాక్యము చెప్పునపుడు లోపలి ముడిని ముందు విప్పుట లేదా? ఇదియు నట్టిదే.

స్వరములకు ఇందు అంకెలే పేర్లు. 60 షడ్జముగా గైకొన్నచో 67 పంచమము, 72 తారాషడ్జము. సరళీవరుసలు నేర్చిన మాయామాళవగౌళ యిట్లుండును: 60 61 64 65 67 68 71 72. ఈ జాబితాను ఒక్కమాటు వ్రాసిన చాలును. త్రిప్పుమను నొక్క మాటతో అవరోహణము వచ్చును. ప్రతి అంకెను రెండుమార్లు పలుకుమన్నచో జంటవరుస వచ్చును.

ఇక మాకు మిక్కిలి ప్రియమైన భాగము లయ. నాలుగు మాత్రలను లఘుగురువులతో ఎన్ని విధముల నింపవచ్చును? మొదట లఘువు నుంచినచో మిగిలిన మూడు మాత్రలను నింపవలెను; గురువు నుంచినచో రెంటిని. మూడింటికి 3 విధములు, రెంటికి 2, వెరసి 5. ఈ లెక్కను విరహాంకుడును, పిమ్మట 12వ శతాబ్దిలో హేమచంద్రుడును చెప్పిరి. ఇటలీ దేశపు ఫిబొనాచీ 1202లో వ్రాసిన గ్రంథమునను ఈ వరుసయే కలదు. లిస్పులో ఒక సూత్రము తన్ను తానే మరల పిలుచుకొనవచ్చును గనుక ఈ ప్రస్తారమంతయు నాలుగైదు పంక్తులలో ముగియును. ఆదితాళపు ఎనిమిది అక్షరములకు 34 విధములు వచ్చును. అక్షరమునకు అర క్షణము చొప్పున, అనగా సెకండులో సగము చొప్పున, వానినన్నిటిని వరుసగా మ్రోగించిన 2 నిమిషముల 16 సెకండ్లు పట్టును. పుస్తకమున గీతలుగా చూచిన ప్రస్తారము చెవికి వినబడుట మాకు పండుగవలె నున్నది.

స్వరములను పాచికలు వేసినట్లు ఏరుకొనుమని కూడ యంత్రమునకు చెప్పవచ్చును. కాని నియమము లేని పాచిక కర్ణకఠోరము. మోహనము కావలెనన్న మధ్యమ నిషాదములను జాబితానుండి తొలగింపవలెను. పంచమము పిదప ధైవతము రెండు పాళ్లు, గాంధారము ఒక పాలు రావలెనని నిర్ణయింపవలెను. హిల్లరు గారి కృతిలోని నాలుగవ భాగము ఇట్టి పాళ్ల లెక్కతో కూర్చినదే.

"ఇది సంగీతమా?" యని పెద్దలు అడుగుదురు. అడుగుట న్యాయమే. ఈ అంకెల గాంధారము మన తంబురాతో సరిగా కలియదు: యంత్రపు లెక్కలో షడ్జమునుండి 4 మెట్లు, శుద్ధమైన శ్రుతిలో 3.86. అదృష్టవశమున నైక్విస్టు భిన్నములను అంగీకరించును గనుక 63.86 అని వ్రాయవచ్చును. గమకము మాత్రము ఇంత సులభముగా లొంగదు. స్వరమునుండి స్వరమునకు జారు దారినంతయు గీతగా గీసి యియ్యవలెను. విద్వాంసుడు వ్రేలితో తృటిలో చేయుపనికి మాకు ఒక మధ్యాహ్నము పట్టుచున్నది. ఇది సాధనకు బదులని మే మనము.

అయినను, కన్నెప్రాయమున వీణయో గాత్రమో నేర్చి, పెండ్లియైన పిదప గొంతెత్తి పాడుటకు వీలు చిక్కక విడిచినవా రెందఱో కలరు. తంబురా శ్రుతి చేసికొను లోపలనే పాలవాడు వచ్చును. ఈ పని యట్లు కాదు. చెవులకు యంత్రము తగిలించుకొని, నిద్రించు పసిబిడ్డ ప్రక్కనే పావుగంట చేయవచ్చును. నడుమ విడిచిన పంక్తి మరునాడు విడిచిన చోటనే యుండును.

ఆరంభింపగోరు వారు మొదట ఒక్క తంత్రీస్వరమును మ్రోగించి చూడవలెను. పిదప తాము ఎన్నడో నేర్చిన గీతమొకటి తీసికొని దాని మొదటి ఆవర్తమును అంకెలలో వ్రాయవలెను. మేము ప్రస్తుతము ఆ 34 విధములలో గురువుతో ముగియువానిని మాత్రము ఏరి, వానిపై మోహనమును నడుపుచున్నాము. అవి లెక్కకు 13 వచ్చినవి.