కొత్త సెల్లు కొనే ముందర కంతు ఏ నెలలో పడుతుందో చూడండి

దసరా వస్తుందంటే చాలు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బజార్లలో సెల్లు అంగళ్ల ముందర షామియానాలు లేస్తాయి. చేతిలో పైసా లేకున్నా ఫోను తీసుకుపోండి, నెలనెలా కట్టుకోండి అని మైకులో పిలుస్తుంటారు. సరిగ్గా ఆ రోజుల్లో మన బుడ్డలు ఇంకా భూమిలోనే ఉంటాయి. జులైలో విత్తిన వేరుశనగ పీకేది అక్టోబరు ఆఖర్లోనో నవంబరులోనో. పీకి, కుప్ప వేసి, కాయలు కొట్టి, అమ్మి దుడ్లు చూసేసరికి ఇంకో నెల. అంటే పండక్కి కొనే ఫోను, ఇంటికి రాని పంట మీద కొంటున్న ఫోను.

కొనొద్దని చెప్పడం లేదు. సెల్లు ఇప్పుడు గొర్రు, స్ప్రేయరు లాంటిదే, సేద్యంలో పనిముట్టు. అయితే గొర్రు కొనేటప్పుడు వేసే లెక్క సెల్లు దగ్గరకు వచ్చేసరికి చాలామంది వేయడం లేదు.

ఏ పని ఆగింది?

ఇంట్లో మాట ఇట్లా మొదలవుతుంది. "నాయినా, ఈ ఫోను ఇంక పారెయ్యి, ఒకటి నొక్కితే ఒకటి తెరుచుకుంటాది" అంటాడు చదువుకునే కొడుకు. "మాట వినబడుతోంది కదరా, నాకింకేం కావల్ల" అంటాడు తండ్రి. ఇద్దరి మాటా నిజమే. అందుకని మోడలు పేరు ఎత్తకముందే ఒక కాగితం తీసుకోండి. ఈ పదిహేను రోజుల్లో ఫోను వల్ల ఏ పని ఆగిపోయిందో దాని మీద రాయండి. 'పాతదైపోయింది', 'పక్కింటాయన కొన్నాడు' అనేవి రాయొద్దు. ఆగిన పని మాత్రమే రాయండి.

'స్థలం లేదు' అని ఫోను చెబుతోందా? అది రోగం కాదు, చెత్త. వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే వచ్చిపడే గులాబీ పూల 'గుడ్ మార్నింగ్' బొమ్మలు మన దేశంలో ఎన్ని ఫోన్లను నింపుతున్నాయో గూగుల్ కంపెనీయే గమనించి, 2018 నాటికే వాటిని ఏరి తీసేసే ఏర్పాటు తన ఆప్‌లో పెట్టింది. వాట్సాప్‌లో సెట్టింగ్స్‌కు పోయి, 'స్టోరేజ్ అండ్ డేటా'లో 'మేనేజ్ స్టోరేజ్' నొక్కితే ఏ గ్రూపు ఎంత స్థలం తింటోందో కనబడుతుంది. పెద్ద వీడియోలు తీసేయండి. బొమ్మలు వాటంతటవి దిగకుండా అక్కడే ఆపుకోవచ్చు. పాసు పుస్తకం, బిల్లుల ఫొటోలు మాత్రం చూసి ఉంచుకోండి. ఇంతమాత్రానికే సగం ఫోన్లు మళ్లీ లేచి నడుస్తాయి.

మధ్యాహ్నానికే చార్జింగు అయిపోతోందా? రెండు మూడేళ్లు వాడిన బ్యాటరీ బలం తగ్గడం సహజం. మామూలు మోడళ్లకు బ్యాటరీ మార్చడానికి వెయ్యి, రెండు వేలకు మించి కాదు. ఆ కంపెనీ సర్వీసు సెంటరులో మార్పించుకుని బిల్లు తీసుకోండి. బ్యాటరీ ఉబ్బి ఫోను వెనక రేకు లేస్తున్నట్టుంటే మాత్రం ఒక్క రోజు కూడా వాడొద్దు, దిండు కింద అసలే పెట్టొద్దు.

ఇక నిజంగా ఫోను ముసలిదైందని చెప్పే గుర్తు ఒకటుంది. సెట్టింగ్స్‌లో 'ఎబౌట్ ఫోన్' తెరిస్తే ఆండ్రాయిడ్ వెర్షన్ అంకె ఉంటుంది. 2025 జనవరి 1 నుంచి ఆండ్రాయిడ్ 4.4 ఉన్న ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. బ్యాంకు ఆప్‌లు, ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి పాత వెర్షన్లను ఒక్కొక్కటిగా వదిలేస్తూ ఉంటాయి. రక్షణకు సంబంధించిన మార్పులు కంపెనీ నుంచి ఏళ్ల తరబడి రాని ఫోనులో బ్యాంకు లావాదేవీలు చేయడం, గడియ లేని ఇంట్లో ధాన్యం పెట్టుకోవడమే. మీ కాగితం మీద 'డబ్బులు పంపే ఆప్ తెరుచుకోవడం లేదు' అని ఉండి, అంకె కూడా మరీ చిన్నదైతే కొత్త ఫోను ఆలోచన చేయాల్సిందే.

సర్కారు పనులకు పెద్ద ఫోను కావాలా?

మంచి ఫోను లేకపోతే పథకాల డబ్బు రాదన్న భయం ఊళ్లలో ఉంది. ఆ భయంతో అప్పు చేయాల్సిన పని లేదు. ఈ-పంట నమోదు రైతు సేవా కేంద్రం సిబ్బంది తమ చేతిలోని పరికరంలో చేస్తారు. పీఎం కిసాన్ ఈ-కేవైసీ ఆధార్ నంబరుకు వచ్చే ఓటీపీతోనైనా, సర్వీసు కేంద్రంలో వేలిముద్రతోనైనా అవుతుంది. 2023 జూన్ నుంచి ముఖం చూపించి చేసే ఆప్ కూడా వచ్చింది. దానికి కాస్త కొత్త ఫోనే కావాలి. అయితే ఒక రైతు తన ఫోనులో చుట్టుపక్కల ఇంకో వంద మంది రైతులకు కూడా చేసిపెట్టవచ్చని కేంద్రం అప్పుడే చెప్పింది. ఊరికి ఒక మంచి ఫోను ఉన్నా గడిచిపోతుంది.

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో పెట్టిన 'మన మిత్ర' సేవలు 95523 00009 నంబరుకు వాట్సాప్‌లో అందుతాయి. వాట్సాప్ తెరుచుకునే ఫోను ఏదైనా చాలు. కిసాన్ కాల్ సెంటరు 1800 180 1551కి కీప్యాడ్ ఫోను నుంచి కూడా ఉచితంగా మాట్లాడొచ్చు, పొద్దున 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులోనే చెబుతారు. స్మార్ట్ ఫోను లేనివాళ్లు కూడా డబ్బు పంపేందుకు 'యూపీఐ 123 పే' 2022 మార్చి నుంచే ఉంది. మాటలకు మాత్రమే ఫోను వాడే పెద్దవాళ్లకు వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే 4జీ కీప్యాడ్ ఫోను హాయి. బ్యాటరీ రోజుల తరబడి వస్తుంది.

స్మార్ట్ ఫోనులో తప్పకుండా ఉండాల్సిన ఆప్ ఒకటి చెప్పమంటే 'దామిని' అని చెబుతాను. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసింది. మీరున్న చోటుకు 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడే సూచన ఉంటే హెచ్చరిస్తుంది. ముంగారు వానలకు చేలో ఉండేవాళ్లు, గొర్రెల వెంట పోయేవాళ్లు పెట్టుకోవాలి. పాత ఫోనులో కూడా ఎక్కుతుందేమో ముందు చూడండి, ఎక్కితే దాని కోసం కొత్తది అక్కర్లేదు.

5జీ సంగతి

మన దేశంలో 5జీ 2022 అక్టోబరులో మొదలైంది. ఫోను 5జీ అయినంత మాత్రాన చేలో 5జీ రాదు, టవరు ఉండాలి. కొనే ముందు, మీ కంపెనీ సిమ్మే ఉన్న 5జీ ఫోను ఎవరిదైనా తీసుకుని మీ బోరు దగ్గరకు, మీ ఇంటి వసారాలోకి పోయి చూడండి. పరిగి, చిలమత్తూరు వైపు సరిహద్దు ఊళ్లలో ఫోను ఒక్కోసారి కర్ణాటక టవరును పట్టుకుంటుంది. ఎంత ఖరీదైన మోడలు తెచ్చినా అది మారదు. ఆ ఊళ్లలో మార్చాల్సి వస్తే మార్చాల్సింది కంపెనీనే, అది కూడా నంబరు అదే ఉంచుకుని.

నూటికి ఎంత వడ్డీ?

'నో కాస్ట్' అని చెప్పే కంతులో వడ్డీ లేదనుకోవద్దు. అంగట్లో మొదట అడగాల్సిన మాట, "మొత్తం దుడ్లు ఇప్పుడే ఇస్తే ఎంతకిస్తావు?" అన్నది. మాటకు, కంతుల్లో అయితే నెలకు 1,250 చొప్పున 12 నెలలు, మొత్తం 15,000 అన్నాడనుకోండి. రొక్కానికి 13,800కు ఇస్తానన్నాడు. తేడా 1,200. 'ఏడాదికి 1,200 ఏముందిలే' అనిపిస్తుంది. కానీ మీరు నెలనెలా అసలు తీర్చుకుంటూ వస్తున్నారు కదా, ఏడాది పొడుగునా 13,800 మీ దగ్గర ఉండదు. మన పద్ధతిలో లెక్క వేస్తే నూటికి నెలకు రూపాయి ముప్పై పైసల వడ్డీ. దీని మీద ప్రాసెసింగ్ ఫీజు, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ వేరే. అడగకుండానే తగిలించే అద్దం ఇన్సూరెన్సు ఒకటి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణం 7 శాతం, అంటే నూటికి నెలకు 58 పైసలు. గడువులో కడితే 4 శాతమే, 33 పైసలు. పంట రుణం తీసి ఫోను కొనమని కాదు, ఏది ఎంత బరువో తెలియాలని.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. సెల్లు మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ నుంచి 18 శాతం. 15,000 పెట్టి కొంటే అందులో పన్నే 2,288 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రిప్పు, స్ప్రింక్లర్ల మీద, ట్రాక్టర్ల మీద పన్ను 5 శాతానికి దిగింది. అదే 15,000ను ఎక్కడ పెడితే ఎంత వస్తుందో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

కంతు నెలనెలా, పంట ఏడాదికోసారి

వడ్డీ కంటే పెద్ద చిక్కు తేదీల దగ్గర ఉంది. కంతు ప్రతి నెలా అదే తేదీన బ్యాంకు ఖాతా నుంచి దానంతటది పోతుంది. వాన మీద ఆధారపడి బుడ్డలు పెట్టే ధర్మవరం వైపు రైతుకు చేతిలో దుడ్లు ఆడేది నవంబరు, డిసెంబరు, మహా అంటే సంక్రాంతి దాకా. దసరాకు కొన్న ఫోను కంతు మాత్రం మే నెలలోనూ పడుతుంది. జూన్, జులైలలో విత్తనకాయలకు, ట్రాక్టరు బాడుగకు, కూలీలకు వెతుక్కునే రోజుల్లోనూ పడుతుంది. ఖాతాలో లేకపోతే బ్యాంకు ఒక జరిమానా, అప్పిచ్చిన కంపెనీ ఇంకో జరిమానా వేస్తాయి. కట్టలేదన్న మాట సిబిల్ లెక్కలో చేరుతుంది. రేపు పంట రుణానికి పోతే మేనేజరు ముందర కనబడేది అదే. 1,250 రూపాయల కంతు లక్ష రూపాయల రుణానికి అడ్డం పడొచ్చు.

ఖాతా విషయంలో కూడా జాగ్రత్త. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ డబ్బు కలిపి 2025 ఆగస్టు 2న 7,000, నవంబరు 19న మళ్లీ 7,000 వేశారు. ఆ డబ్బు పడే ఖాతానే కంతుకు రాసిస్తే, ఎరువుల కోసం అనుకున్నది మీరు బ్యాంకుకు పోయేలోపలే సెల్లు బాకీకి పోతుంది. కంతుకు వేరే ఖాతా ఇవ్వండి.

అందరికీ ఒకటే సలహా సరిపోదు. హిందూపురం చుట్టుపక్కల మల్బరీ పెట్టి రేషం గూళ్లు తీసే ఇంటికి ఏడాదికి ఐదారు సార్లు డబ్బు వస్తుంది. హిందూపురం మార్కెట్టుకు పోవాలా, రామనగరం పోవాలా అని పొద్దున్నే ధర తెలుసుకోవడానికి ఫోను పనికొస్తుంది కూడా. వాళ్లు రెండు పంటల్లో కొంత కొంత పక్కన పెట్టి రొక్కానికి కొనొచ్చు. పాలు పోసే ఇంటికి పదిహేను రోజులకోసారి బిల్లు వస్తుంది, చిన్న కంతు మోయగలరు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల తయారీ మొదలుపెట్టిన కియా ఫ్యాక్టరీలోనో, దానికి సామాను ఇచ్చే కంపెనీల్లోనో ఇంట్లో ఒకరు పని చేస్తుంటే నెల జీతం ఉంటుంది. కంతు ఆ జీతం ఖాతా మీదే, ఆ పిల్లోడి పేరు మీదే పెట్టించండి. ధర్మవరంలో సేద్యంతో పాటు మగ్గం ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. చీర రంగు, అంచు వీడియోలో చూపించి బయట ఊళ్లకు అమ్ముకునేవాళ్లకు కెమెరాయే పనిముట్టు, రంగు తేడా పడితే చీర తిరిగొస్తుంది. అట్లాంటి ఇంటికి మంచి ఫోను దుబారా కాదు. ఒట్టి బుడ్డల మీదే ఉన్న ఇల్లు మాత్రం పండగ ఆఫరు పోనిచ్చి, కాయలు అమ్మాక రొక్కంతో పోవడం మేలు. అప్పుడు బేరం చేసేది మీరు, అంగడాయన కాదు. కొనేటప్పుడు కొత్త ఆండ్రాయిడ్ మార్పులు ఎన్నేళ్లు ఇస్తారని అడగండి. కెమెరాకు ఎన్ని కళ్లున్నాయన్నది తర్వాత.

నంబరు, పాత ఫోను

కొత్త ఫోనుతో పాటు కొత్త సిమ్ము ఊరికే ఇస్తామంటే తీసుకుని పాతది సొరుగులో పడేయొద్దు. 90 రోజులు వాడని నంబరును కంపెనీ ఆపేసి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఆధార్‌కు, బ్యాంకుకు కట్టి ఉన్న నంబరు అదే. ఓటీపీ ఎవరికో పోతుంది. ఆధార్‌లో నంబరు మార్పించాలంటే 2025 అక్టోబరు నుంచి ఫీజు 75 రూపాయలు.

కొత్త ఫోను చేతికి రాగానే 'పీఎం కిసాన్' పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు నొక్కొద్దు, ఆప్‌లు ప్లే స్టోరు నుంచే దించుకోండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణమే 1930కి ఫోను చేయాలి.

వాడిన ఫోను కొనాలనుకునేవాళ్లు ముందు దాంట్లో *#06# నొక్కండి. 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనబడుతుంది. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, చోటు వదిలి, ఆ నంబరు కొట్టి 14422కు మెసేజి పంపండి. దొంగ ఫోనైతే, ఆపేసిన ఫోనైతే తెలిసిపోతుంది. బిల్లు లేకుండా తీసుకోవద్దు.

పాతది మార్పిడికి ఇచ్చేటప్పుడు అందులో ఆధార్, పాసు పుస్తకం ఫొటోలు, ఫోన్‌పే అట్లాగే వదిలేస్తుంటారు. ముందు కావాల్సిన ఫొటోలు, నంబర్లు కొత్తదానిలోకి ఎక్కించుకోండి. గూగుల్ ఖాతా తీసేయండి. సెట్టింగ్స్‌లో 'ఫ్యాక్టరీ రీసెట్' కొట్టండి. మెమరీ కార్డు, సిమ్ము బయటకు తీసుకున్నాకే అంగడాయన చేతికివ్వండి. ఐదారు వందలకు అడిగితే మాత్రం ఇవ్వకండి, మోటారు దగ్గర టార్చికి, పిల్లల పాఠాలకు ఇంట్లోనే ఇంకో రెండేళ్లు పనికొస్తుంది.