కుండ పుట్టిన ఊరు

కుండ ఆకారం, దాని మీది బొమ్మలు చూస్తే కుమ్మరి ఏ బాణీ నేర్చుకున్నాడో తెలుస్తుంది. ఏ ఊళ్ళో చేశాడో తెలియాలంటే మాత్రం మట్టిని అడగాలి.

క్రీ.పూ. 8వ శతాబ్దంలో గ్రీసు దేశపు యుబొయా ద్వీపం నుంచి కొందరు వలస వెళ్ళి, ఇటలీలో నేపుల్స్ దగ్గరి ఇస్కియా దీవిలో స్థిరపడ్డారు. ఆ ఊరి పేరు పితెకూసై. 1952 నుంచి జార్జో బుక్నర్ అక్కడి సమాధులు తవ్వించగా గ్రీకు బాణీ పాత్రలు ఎన్నో బయటపడ్డాయి. అవి ఓడల్లో వచ్చినవా, అక్కడే చేసినవా? కంటితో చూసి తేల్చడం కష్టం.

అందుకొక పరీక్ష ఉంది. పెంకు నుంచి చిటికెడు పొడి తీసి, అణు రియాక్టరులో న్యూట్రాన్ల తాకిడికి గురిచేస్తారు. అప్పుడు అందులోని మూలకాలు వేటికవే ప్రత్యేకమైన గామా కిరణాలను వెలువరిస్తాయి. వాటిని కొలిస్తే ఇనుము, క్రోమియం, స్కాండియం వంటివి ఎంతెంత ఉన్నాయో లెక్క తేలుతుంది. ఆ లెక్కను ఆవంలో వంకరపోయిన కుండల మట్టితో పోలుస్తారు. పాడైన కుండను ఎవరూ ఓడెక్కించరు కదా! అది పుట్టినచోటే ఉంటుంది.

ఇలాంటి పరిశీలనల వల్ల, యుబొయా బాణీ పాత్రలు పితెకూసైలో కూడా తయారయ్యాయని రూఢి అయింది. పద్యం గీసివున్న ప్రసిద్ధమైన నెస్టర్ గిన్నె మాత్రం ఏజియన్ సముద్రపు తూర్పు ప్రాంతం నుంచి వచ్చింది. దాని మీది లిపి యుబొయా వారిది.

రూపం ఒక్కటే చూసి తీర్పు చెబితే, వలస వెళ్ళినచోట సారె తిప్పిన ఆ కుమ్మరులు చరిత్రకు దక్కేవారు కాదు. వారి పక్షాన సాక్ష్యం చెప్పింది వారు పిసికిన మట్టే.