సూట్‌కేసులో మిక్సీ పెట్టే ముందు

అమెరికా విమానం ఎక్కే విద్యార్థికి ఎయిర్‌లైన్స్ సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండింటిని అనుమతిస్తాయి. బట్టలు, పచ్చళ్లు, పొడులు, ప్రెషర్ కుక్కర్ అన్నీ ఆ 46 కిలోల్లోనే సర్దాలి. ఏటా జూలై, ఆగస్టు నెలల్లో మన ఇళ్లలో సాగే ఈ సర్దుడులో ఓ పట్టాన తేలని ప్రశ్న ఒకటుంది. మిక్సీ పెట్టాలా వద్దా? ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్ ఇక్కడే చవక కదా, కొనిచ్చి పంపితే పోలేదా? చాలామంది ధరలు చూసి నిర్ణయించేస్తారు. కానీ వస్తువు అక్కడ పనిచేస్తుందో లేదో తేల్చేది ధర కాదు, దాని అడుగున అంటించిన చిన్న లేబుల్.

రెండు అంకెల కథ

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అంటే సెకనుకు 50 సార్లు పునరావృతమయ్యే ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు). అమెరికా, కెనడాల్లో అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఈ తేడాకు చరిత్రే కారణం. 1882లో న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి ఎడిసన్ తన బల్బులకు సుమారు 110 వోల్టుల కరెంటు ఇచ్చాడు. అమెరికా ఆ దారిలోనే స్థిరపడింది. యూరప్ దేశాలు తర్వాత వోల్టేజీని రెట్టింపు చేసుకున్నాయి. వోల్టేజీ రెట్టింపైతే అంతే పనికి సగం కరెంటు చాలు, తీగల్లో రాగి ఆదా అవుతుంది. జపాన్‌లో పరిస్థితి ఇంకా విచిత్రం. 1890ల్లో టోక్యో జర్మనీ నుంచి, ఒసాకా అమెరికా నుంచి జనరేటర్లు తెప్పించుకున్నాయి. ఇవాళ్టికీ ఆ దేశపు తూర్పు సగంలో 50 హెర్ట్జ్, పడమటి సగంలో 60 హెర్ట్జ్. వోల్టేజీ మాత్రం అంతటా 100.

కాబట్టి ‘విదేశం’ అని ఒకే గాటన కట్టకూడదు. కడప నుంచి కువైట్ వెళ్లేవారికి, హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లేవారికి ఈ చిక్కు దాదాపు లేదు. అక్కడ వోల్టేజీ మనకు దగ్గరే, ఫ్రీక్వెన్సీ 50. మారేది ప్లగ్గు పిన్నులు మాత్రమే. సౌదీ అరేబియాలో ఫ్రీక్వెన్సీ 60 కాబట్టి కొంత చూసుకోవాలి. అసలు ఇబ్బందల్లా అమెరికా, కెనడా, జపాన్ లాంటి దేశాలతోనే.

వేడి చేసేవి

ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, హెయిర్ డ్రయ్యర్ లోపల ఉండేది కాయిల్. కాయిల్ నిరోధం మారదు కాబట్టి, అది ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 వోల్టులకు చేసిన 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెను 120 వోల్టుల సాకెట్‌లో పెడితే సగం వేడి వస్తుందనుకుంటాం. నిజానికి వచ్చేది సుమారు 270 వాట్లు, నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. కాటన్ చొక్కా మడత కూడా పోదు.

ఇదే లెక్క తిరగబడితే ప్రమాదం. అమెరికాలో కొన్న 1000 వాట్ల కుక్కర్‌ను పిన్ను మార్చి మన గోడకు తగిలిస్తే, అది దాదాపు 3,670 వాట్లు లాగాలని చూస్తుంది. లోపలి ఫ్యూజు పోతే అదృష్టం. పోకపోతే కాయిలో, వైరింగో కాలుతుంది. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని ఏమాత్రం మార్చదు. ఈ ఒక్క సంగతి తెలియకే ఎన్నో వస్తువులు కాలిపోతున్నాయి.

తిరిగేవి

మిక్సీలో కార్బన్ బ్రష్‌లతో తిరిగే యూనివర్సల్ మోటారు ఉంటుంది. దానికి ఫ్రీక్వెన్సీతో పెద్దగా పనిలేదు, వోల్టేజీ కావాలి. 120 వోల్టులిస్తే నీరసంగా తిరుగుతుంది. జారులో నానబెట్టిన మినప్పప్పు వేస్తే బ్లేడు ఆగిపోతుంది. మోటారుకు గాలి కొట్టే ఫ్యాన్ కూడా ఆ ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి అదీ ఆగుతుంది. వైండింగ్ వేడెక్కి కాలిన వాసన వస్తుంది. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు. కానీ 750 వాట్ల మిక్సీ స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటును తట్టుకోవాలంటే దాని సామర్థ్యం రెట్టింపు ఉండాలి. ఇనుము, రాగి కలిసిన ఆ దిమ్మ బరువు, ఖరీదు మిక్సీని మించిపోవచ్చు.

వెట్ గ్రైండర్, ఫ్రిజ్‌ వంటి వాటిలో సాధారణంగా ఉండేది ఇండక్షన్ మోటారు. దాని వేగాన్ని నడిపేది ఫ్రీక్వెన్సీ. నాలుగు పోల్‌ల మోటారు అయస్కాంత క్షేత్రం 50 హెర్ట్జ్ దగ్గర నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది, 60 దగ్గర 1800 సార్లు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని సరిచేయగలదు కానీ ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. అమెరికా మోటారును ఇక్కడికి తెస్తే ఇంకో ఇబ్బంది. తక్కువ ఫ్రీక్వెన్సీ వల్ల దాని ఇనుప కోర్ అయస్కాంతత్వంతో సంతృప్తమై, ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. అందుకే మన కంపెనీలు ప్రవాసుల కోసం 110 వోల్టుల మిక్సీలు, గ్రైండర్లు విడిగా తయారుచేస్తున్నాయి. మన పిండి, మన పచ్చడి కావాలంటే కొనాల్సినవి అవే.

చార్జ్ అయ్యేవి

ల్యాప్‌టాప్ చార్జర్‌ను తిరగేసి చూడండి. ‘ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటుంది. ఈ చార్జర్ వచ్చిన ఏసీని ముందే డీసీగా (ఒకే దిశలో పారే కరెంటుగా) మార్చేస్తుంది, దాంతో ఫ్రీక్వెన్సీ గొడవ పోతుంది. ఆ డీసీని సెకనుకు పదుల వేల సార్లు ఆపుతూ, వదులుతూ అగ్గిపెట్టెంత ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతుంది. బయటికి వచ్చే వోల్టేజీని ఒక సర్క్యూట్ ఎప్పటికప్పుడు కొలిచి, ఎంతసేపు వదలాలో సర్దుతుంది. అందుకే టోక్యోలోనైనా, టెక్సాస్‌లోనైనా, తెనాలిలోనైనా అదే 20 వోల్టులు వస్తాయి. చాలా చార్జర్లకు గోడ వైపు తీగ ఊడివస్తుంది. అక్కడి పిన్నుల తీగ ఒకటి కొంటే ఎర్త్‌తో సహా పని పూర్తవుతుంది.

ఫోన్‌కు చార్జర్ చిక్కు లేదు కానీ బ్యాండ్ల చిక్కు ఉంది. అమెరికాలో దూరప్రాంతాలకు సిగ్నల్ చేర్చే 600, 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు మన మార్కెట్ కోసం చేసిన ఫోన్లలో కొన్నిటికి ఉండవు. మోడల్ నంబరుతో బ్యాండ్ల జాబితా సరిచూసుకోవాలి. వారంటీ ఆ దేశంలో చెల్లుతుందో లేదో కూడా ముందే అడగాలి.

పార్శిల్ లెక్కలు

తర్వాత కొరియర్‌లో పంపిద్దాం అనుకునేవారు రెండు విషయాలు చూడాలి. మొదటిది ఘనపరిమాణం. కొరియర్ కంపెనీలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగించి బరువు కడతాయి. 50, 40, 40 సెంటీమీటర్ల పెట్టె ఆరు కిలోలే తూగినా 16 కిలోలకు డబ్బు కట్టాలి. దానిపైన కస్టమ్స్ సుంకం. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు అమెరికా ఇస్తూ వచ్చిన మినహాయింపు 2025 ఆగస్టు 29తో ఆగింది.

రెండోది బ్యాటరీ. 2010 సెప్టెంబర్‌లో దుబాయ్‌లో బయల్దేరిన ఒక కార్గో విమానంలో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకుని, విమానం కూలి పైలట్లిద్దరూ మరణించారు. ఒక సెల్ వేడి పక్క సెల్‌ను అంటించే ఆ గొలుసు మంటను ఆపడం కష్టం. అందుకే పవర్‌బ్యాంకును పార్శిల్‌లో వేయకండి; విమానంలోనూ దాన్ని చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. 100 వాట్-అవర్ల వరకు ఇబ్బంది లేదు. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు అంటే 74 వాట్-అవర్లు.

చదువు కోసం అప్పు చేసిన కుటుంబానికి ప్రతి రూపాయీ విలువైనదే. పైగా అమెరికాలో చాలా అపార్ట్‌మెంట్లు చెక్క చట్రాలతో కట్టినవి, అక్కడ కాలిన మోటారు వల్ల పోయేది మోటారొక్కటే కాకపోవచ్చు. కాబట్టి వేడి చేసేవి, తిరిగేవి ఆ దేశంలోనే కొనండి, లేదా ఆ దేశపు వోల్టేజీకి చేసినవే పట్టుకెళ్లండి. చదువు ముగించి వెళ్లిపోయే సీనియర్ల దగ్గర చాలాసార్లు చవకగానే దొరుకుతాయి. చార్జ్ అయ్యేవి లేబుల్ చూసి నిశ్చింతగా తీసుకెళ్లండి. వాటికి మిక్సీ కోసం అట్టేపెట్టిన చోటులో సగం కూడా పట్టదు.