ఊపిరి ఆడుతుండగానే అతకాలి

చెయ్యి విరిగితే కట్టు కట్టి మెడకు వేలాడదీస్తారు. కాలు విరిగితే మంచం దిగొద్దంటారు. విరిగిన ఎముకకు మొదటి మందు విశ్రాంతే. మరి గుండె ఆపరేషన్ కోసం నిలువునా రెండుగా కోసిన రొమ్ము ఎముక సంగతి? ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకలు దాన్ని చెరోవైపు లాగుతూనే ఉంటాయి. నిమిషానికి 15 శ్వాసలు అనుకున్నా 6 వారాల్లో 9 లక్షలు దాటతాయి. దగ్గులూ తుమ్ములూ ఈ లెక్కలో లేవు.

అందుకే బైపాస్ చేయించుకుని ఇంటికొచ్చిన పెద్దాయన పక్కన మందుల సంచితోపాటు ఓ దిండు ఉంటుంది. దగ్గు వస్తోందంటే దాన్ని రొమ్ముకు అదుముకోవాలి. చేతులు ఊని లేవకూడదు, నిండు బిందె ఎత్తకూడదు. పలకరించడానికి వచ్చినవాళ్లు ‘కుట్లు మానాయా’ అని అడుగుతారు. పైన చర్మం రెండు మూడు వారాల్లో మానుతుంది. కింద ఎముక అతకడానికి నెలలు పడుతుంది.

రొమ్ము ఎముకను మధ్యకు కోసి లోపలికి దారి చేసుకునే పద్ధతిని 1897లో ఈజిప్టులో పనిచేస్తున్న బ్రిటిష్ సర్జన్ హెర్బర్ట్ మిల్టన్ వివరించాడు. గుండె ఆపరేషన్లకు అదే మంచి దారి అని 1957లో అమెరికాలో ఓర్మండ్ జూలియన్ బృందం చెప్పాక అది స్థిరపడింది. పని ముగిశాక ఎముకను మూసేది స్టీలు తీగలతో. ఆరో ఎనిమిదో తీగలు ఎముక చుట్టూ తిప్పి, మెలిపెట్టి, కొసలు లోపలికి వంచేస్తారు. చవక, తొందరగా అయిపోతుంది, అవసరమైతే కటింగ్ ప్లేరుతో తుంచెయ్యొచ్చు. ఎక్కువమందికి అదే సరిపోతుంది కూడా.

దారంతో కోసిన గుడ్డు

ఉడికించిన గుడ్డును దారంతో కొయ్యడం చూసే ఉంటారు. బలహీనమైన ఎముక మీద సన్నటి తీగ చేసేది అదే. రొమ్ము ఎముకకు పైన పలుచటి గట్టి పొర, లోపలంతా స్పాంజిలాంటి గుజ్జు. దగ్గినప్పుడల్లా తీగ ఆ పొరను కొద్దికొద్దిగా కోస్తుంది, పట్టు వదులవుతుంది. తరచు కింది కొస దగ్గర మొదలవుతుంది. ఎముక అంచులు ఒకదానికొకటి రాసుకుంటుంటే ‘లోపల టక్కుమంటోంది’ అంటారు రోగులు. ఆ మాట ఇంట్లోవాళ్లు కొట్టిపారెయ్యకూడదు. సందు ఏర్పడితే సూక్ష్మజీవులు గుండె దాకా దిగుతాయి. నూటికి ఒకరిద్దరికి వచ్చే ఆపదే అయినా, వచ్చిందంటే మళ్లీ ఆపరేషన్, వారాల తరబడి ఆసుపత్రి, ప్రాణభయం. షుగరు, స్థూలకాయం, గుల్లబారిన ఎముకలు, పొగ అలవాటు, వదలని దగ్గు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ.

దీనికి విరుగుడుగా 1977లో ఫ్రాన్సిస్ రోబిచెక్ తీగను ఎముక రెండు అంచుల వెంట పక్కటెముకల ముందూ వెనకా తడికలా అల్లి, దాని మీద అడ్డ తీగలు బిగించాడు. బరువు ఒక్కచోట పడకుండా పరుచుకోవాలన్నదే ఆలోచన. తర్వాత వచ్చిన వెడల్పాటి పట్టీలది కూడా ఇదే సూత్రం. నికెల్, టైటానియం కలిపిన క్లిప్పులైతే చల్లబరిస్తే మెత్తబడి విచ్చుకుంటాయి, ఒంటి వేడి తగలగానే బిగుసుకుంటాయి.

పట్టుకోవాలి, వదలాలి

ఇక టైటానియం ప్లేట్లు. కాలి ఎముకకు ప్లేటు వేసి స్క్రూలు బిగించడం మనకు తెలిసిందే. ఇక్కడ మాత్రం ఎముక వెనకే గుండె కొట్టుకుంటోంది. స్క్రూ పొట్టిదైతే గుజ్జులో పట్టు దొరకదు, పొడుగైతే అవతలికి పొడుచుకొస్తుంది. అందుకే ప్రతిచోటా మందం కొలిచి స్క్రూ ఎంచుకోవాలి. ఎముక ఒక్కటే దాన్ని మొయ్యలేదు కనుక స్క్రూ తల ప్లేటులోని మరలోకి కూడా బిగుసుకునేలా చేశారు. ముందువైపు చర్మం పలుచన. ప్లేటు మందమైతే వేలికి తగులుతుంది, నొప్పి పెడుతుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మరో చిక్కు. ఆపరేషన్ అయిన రాత్రే లోపల రక్తం చేరి గుండె ఆగిపోతుంటే నిమిషాల్లో మళ్లీ తెరవాలి. అప్పుడు స్క్రూలు ఒక్కొక్కటే విప్పుతూ కూర్చోవడం కుదరదు. ఒక రకం ప్లేటును అందుకే రెండు ముక్కలుగా చేసి మధ్యన ఒక పిన్ను పెట్టారు. బండి చక్రానికి కడసీల లాగినట్టు దాన్ని లాగేస్తే ముక్కలు విడిపోతాయి. ఎంత గట్టిగా పట్టుకుందన్నది మాత్రమే చూసి ఏ ప్లేటునూ మెచ్చుకోకూడదని నాకు ఈ చిన్న పిన్ను చెప్పింది.

ప్లేట్లతో నిజంగా మేలుందా? అమెరికాలో 12 ఆసుపత్రుల్లో 236 మందిని రెండు జట్లుగా చేసి పోల్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకు ఎముక అతికినట్టు స్కాన్‌లో కనబడింది ప్లేట్లవాళ్లలో 41 శాతానికి, తీగలవాళ్లలో 16 శాతానికి. ఆరు నెలలకు 80, 67. ప్లేట్ల ఖర్చు తీగలకు ఎన్నో రెట్లు కనుక అందరికీ వెయ్యాలని నేను అనను. కానీ పదేళ్లుగా షుగరు ఉన్న అమ్మకో, ఆయాసంతో దగ్గే నాన్నకో ఆపరేషన్ నిశ్చయమైనప్పుడు ‘ఎముకను దేనితో మూస్తారు డాక్టరుగారూ’ అని ముందే అడగండి. స్టెంటు గురించి, వాల్వు గురించి అడిగే మనం ఈ ఒక్కటీ అడగం.

పసిపిల్లల విషయం వేరు. ఎదిగే ఎముకకు లోహం అడ్డు కాకుండా చాలాచోట్ల కరిగిపోయే దారంతోనే మూస్తారు. కొన్ని వారాల్లో దాని బలం తగ్గుతుంది, సుమారు ఆరు నెలల్లో దారం ఒంట్లో కలిసిపోతుంది. ఆ బిడ్డ పెద్దయ్యాక ఎక్స్‌రే తీస్తే ఎముక మధ్యన తీగ జాడేదీ కనబడదు.