ఒక్కరు కదలిన ఊరు కదలదు

సాంఘిక మాధ్యమ వేదికలను నిందింపనివా రరుదు. తమ స్వంత విషయములు పరహస్తగతము లగుచున్నవనియు, యజమానుల యిచ్ఛయే శాసనముగా నున్నదనియు జనులు నిత్యము మొఱపెట్టుచున్నారు. అయినను అచ్చట సంఘములుగా గూడియున్నవారు ఆ వేదికలను వీడి వేఱొకచోటికి పోవుటకు జంకుచున్నారు. ఇది ప్రజల జాడ్యమనియు, దేశాభిమాన లోపమనియు కొందఱు వాదించుచున్నారు. మే మట్లు తలపము.

2021 జనవరిలో వాట్సాపు తన గోప్యతా నియమములను మార్చనున్నట్లు ప్రకటింపగా, మన దేశమున ననేకులు కలవరపడి సిగ్నలు, టెలిగ్రాములను తమ ఫోనులలో చేర్చుకొనిరి. కాని వాట్సాపును తీసివేసిన వారెందఱు? కుటుంబముల కుశలప్రశ్నలును, పాఠశాలల ప్రకటనలును, వర్తకుల బేరములును నేటికిని అచ్చటనే సాగుచున్నవి.

ట్విట్టరునకు ప్రతిగా బెంగుళూరున 2020లో వెలసిన ‘కూ’ చరిత్ర మఱింత విచారకరము. అది తెలుగు మొదలగు దేశభాషలకు పెద్దపీట వేసినది. ఆ యేటనే కేంద్ర ప్రభుత్వపు ఆత్మనిర్భర్ యాప్ పోటీలో బహుమతి నందినది. 2021లో ట్విట్టరునకును ప్రభుత్వమునకును వివాదము పొడమినపుడు కేంద్ర మంత్రులు దానిలో చేరి ప్రజల నాహ్వానించిరి. అయినను 2024 జూలైలో అది మూతపడెను. భాగస్వామ్య సంప్రదింపులు ఫలింపకపోవుటయు, వ్యయభారమును నిర్వాహకులు చెప్పిన కారణములు. జనసమూహము నిలిచియున్నచో భాగస్వాములు దొరకకుందురా యని మేము ప్రశ్నింతుము.

స్వదేశీ దీక్ష ఇచ్చట నేల ఫలింపలేదు? ఖద్దరు ధరింప నెంచినవాడు ఒంటరిగా నేడే ధరింపవచ్చును. ఊరెల్ల మిల్లుబట్ట కట్టినను వాని వస్త్రము వానిని కప్పును. సంభాషణ మట్లు కాదు; వినువాడు లేనిచో పలుకు వ్యర్థము. అమెరికానున్న కుమారుని మాట వినగోరు గుంటూరు తల్లి కుమారుడున్న చోటనే యుండును. కుమారుడు తల్లియున్న చోటును వీడడు. ఎవరికి వారు ఎదుటివారి కదలికకై కనిపెట్టుకొనియుండగా ఎవరును కదలరు. కదలినవాడు ఏండ్లతరబడి కూర్చుకొన్న స్నేహములను, ఛాయాచిత్రములను, తన సరుకు కొనువారిని వెనుక విడిచిపోవలెను. ఇంత మూల్యము చెల్లింపలేని వానిని దేశాభిమానము లేనివాడనుట అన్యాయము.

దోషము జనులయందు లేదు. వేదికల నడుమ కట్టిన గోడలయందున్నది. ఏ కంపెనీ ఫోనునుండియైనను మఱే కంపెనీ ఫోనునకైనను నేడు మాటాడగలుగుచున్నాము. 2011 జనవరి మొదలు నంబరు మార్చకయే కంపెనీని మార్చుకొను హక్కు దేశమంతట లభించినది. 2016లో ఆరంభమైన యూపీఐ వలన ఒక యాపునుండి మఱియొక యాపునకు ధనము పోవుచున్నది. ధనము దాటగల గోడను మాట దాటరాదా? మహాసంస్థల సందేశ సేవలు, కోరిన యితర సేవలతో సంధానము కల్పింపవలెనను నియమము ఐరోపా సమాఖ్యలో 2024 మార్చినుండి వర్తించుచున్నది. మన పార్లమెంటును అట్టి శాసనము చేయవలెనని మా అభిప్రాయము.

అంతవఱకు మార్పు కోరు సంఘములు ఒక్కొక్కరుగా గాక, ఒక దినము నిర్ణయించుకొని అందఱును కలసి కదలుట మేలు. ప్రభుత్వమునకు మా మనవి యొక్కటే: ప్రజలకు దేశభక్తి బోధించుటకు ముందు గోడకు ద్వారము పెట్టించుడు. జనులు తామే నడచివత్తురు.